కత్తికి పాయనము

గతమాసమున ఇత్తడిపాత్రల కళాయిని గూర్చి ముచ్చటించితిమి. ఈమాసమున కూరలు తఱుగు కత్తిని గూర్చి, మా పొరపాటునే ముందుంచుకొని, విన్నవించెదము.

మాయింట నొక కత్తికి పిడి వదులయ్యెను. మొనను గాఁచి పిడిలోని లక్కలో దిగఁగొట్టుదమని తలఁచి, వంటతొందరలో అలుగునుగూడ నిప్పులలో నుంచి మఱచితిమి. తీసిచూడఁగా అలుగంతయు నీలివన్నె తిరిగియుండెను. నాఁటినుండి యెంత నూఱినను రెండు వంకాయలు తఱుగునంతలో మొద్దువాఱుచుండెను. ఊరి కమ్మరి చూచి, “తల్లీ, పాయనము పోయినది, సానఱాతి తప్పేమున్నది?” అనెను.

పాయన మనఁగా ఉక్కును గాఁచి చల్లార్చి పదునునకుఁ దగిన గట్టిదనము నిచ్చుట. ఆ మాట వినఁగానే తండ్రిగారియొద్దఁ జదివిన బృహత్సంహిత జ్ఞప్తికి వచ్చెను. వరాహమిహిరుఁడు ఖడ్గలక్షణమునందు, అరఁటిబూడిదను మజ్జిగలోఁ గలిపి యొకదినముంచి, దానితో పాయనము చేయు విధమును జెప్పినాఁడు.

కమ్మరి మాకుఁ జెప్పిన క్రమ మిది. కొలిమిలో సాగఁగొట్టిన ఉక్కుపలక యింకను కత్తి గాదు. ముందు ఆకురాయితో రూపు దీర్చి, పిడిచీలలకు రంధ్రములు తొలువవలెను. గట్టిపడినపిదప తొలుచుట కష్టము. అంచు నప్పుడే మిక్కిలి పలుచన చేయరాదు. చేసినచో చల్లార్చునపుడు వంకరపోవును, బీటవాఱును. పిదప ఎఱ్ఱగాఁ గాఁచి చల్లార్పఁగా ఉక్కు గాజువలె గట్టిదియుఁ బెళుసైనదియు నగును. ఆ పెళుసు తగ్గుటకు మెఱయునట్లు తోమి మరల మెల్లగాఁ గాఁచి, ఎండుగడ్డివంటి పసుపువన్నె రాఁగానే తీయవలెను. ఆ వన్నె సుమారు 220–230 డిగ్రీల సెంటిగ్రేడు వేఁడిమికి వచ్చును. 300 డిగ్రీల ప్రాంతమున నీలివన్నె వచ్చును. అది కమానులకుఁ దగును, కూరకత్తికిఁ దగదు. తుదకు నీరు చల్లుచు సానఁబట్టి పిడి బిగింపవలెను.

ఈ విద్య మనసీమకుఁ గ్రొత్తగాదు. నిర్మలప్రాంతపు దిమ్మదుర్తియు, నిజామాబాదుజిల్లా కోనసముద్రమును ఉక్కునకుఁ బేరొందినవి. కోనసముద్రమునకు పారసీకవర్తకులు వచ్చి ఉక్కు కొనుచుండిరి. వాయిసీ యను వైద్యుఁడు చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయ్యెను. 2010లో బెంగుళూరి పండితులును ఇంగ్లాండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును కరీంనగరము, ఆదిలాబాదు మొదలగు జిల్లాల యూళ్లు తిరిగి చిట్టెపుగుట్టలను, మూసపెంకులను పరిశీలించిరి.

మా కమ్మరి కుమారు లిరువురును గల్ఫుదేశములకుఁ బోయిరి. తిత్తి యాతఁడే యూఁదుకొనును. పసుపువన్నెను గుర్తించు కన్ను ఆతనితోనే యున్నది. మా కత్తికి మరల పాయనముపెట్టి యిచ్చి, కూలి యడుగుటకు సంకోచించెను. అంగడిలో తళుకుచూచి అడిగినంత యిచ్చు మేము అప్పుడు సిగ్గుపడితిమి.

కావున సోదరీమణులారా, కత్తిని పొయ్యిలోఁ బెట్టకుఁడు. తడి తుడిచి, నూనె రాచి యుంచుఁడు. పిడి వదులైనచో కమ్మరియొద్దకే పంపుఁడు. ఆతఁ డడుగకున్నను తగిన కూలి యిండు.