ఫిబ్రవరి 28 రాత్రి మిరపచేలో ఎవరున్నారు?

క్వెరీలు రాసి పొట్టపోసుకునే మనందరికీ తెలిసిన సంగతే: రిజల్ట్‌లో రోలు తక్కువొస్తే డేటా లేదని కాదు, ముందు వేర్ క్లాజ్ చూసుకోవాలి. ఇల్లులేనివాళ్ళ లెక్కలు చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

2011 జనగణనలో వీళ్ళని ఫిబ్రవరి 28న, ఒక్క రాత్రిలో లెక్కపెట్టారు. దేశం మొత్తమ్మీద 17.7 లక్షల మంది తేలారు. 2001లో 19.4 లక్షలు. తగ్గారు కదా అని సంబరపడేలోపు ఇంకోటి చూడండి. పట్టణాల్లో 7.8 లక్షల నుంచి 9.4 లక్షలకి పెరిగారు. తగ్గిందంతా పల్లెల్లోనే.

నా అనుమానమల్లా ఆ పల్లె లెక్క మీదే. ఇల్లులేనివాళ్ళంటే ఎవరని సెన్సస్ వాళ్ళు చెప్పారో చూడండి: ఆరుబయట, రోడ్ల పక్కన, పేవ్‌మెంట్ల మీద, తూముల్లో, ఫ్లైఓవర్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవాళ్ళు. 'ఆరుబయట' అన్న మాట ఉంది గానీ, మిగతాదంతా పట్నం బొమ్మే.

ఇప్పుడు మా వైపు సంగతి. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఫిబ్రవరి అంటే మిరపకోతలు జోరుగా సాగే నెల. కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు పిల్లల్తో సహా కోతలకి వస్తాయి. చేల పక్కన పట్టాలు కప్పుకున్న గుడారాల్లో వారాల తరబడి ఉంటాయి.

"వాళ్ళకి సొంతూళ్ళో ఇల్లుందిగా?" అంటారేమో. ఉంది. కానీ 2011లో గణన జరిగిన ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఆ ఇంట్లో అసలు లేనివాళ్ళని అక్కడ రాయకూడదు, ఎక్కడుంటే అక్కడే రాయాలి. అదీ రూలు. మరి కోసిగిలో తాళం చూసి వదిలేసి, ఇక్కడ చేనుదాకా ఎవరూ వెళ్ళకపోతే? రెండు టేబుల్స్‌లోనూ మనిషి లేనట్టే.

లెక్కలో లేకపోతే కొంపేం మునుగుతుంది అనకండి. లక్షమంది పట్టణ జనాభాకి వందమంది పట్టే షెల్టర్ ఒకటుండాలని 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో రాసుకున్నారు. ఎంత అమలైందన్నది వేరే గొడవ, కనీసం అడగటానికి ఒక అంకె ఉంది. చేలగట్టు మీద గుడారానికి మంచినీళ్ళు, మరుగుదొడ్డి, పిల్లలకి బడి కావాలని ఏ అంకె చూపించి అడుగుతాం?

2027 జనగణనకి ప్రామాణిక సమయం మార్చి 1, 00:00 గంటలని 2025 జూన్‌లో గెజిట్‌లో ప్రకటించారు. అంటే మళ్ళీ మిరపకోతల కాలమే. ఈసారి కాగితాల బదులు మొబైల్ యాప్ కూడానట. సంతోషం. కానీ గుడారం ఎక్కడుందో యాప్‌కి తెలీదు. కోత పెట్టించిన రైతుకి తెలుసు, కూలీల్ని తెచ్చిన మేస్త్రీకి తెలుసు. ఆ రాత్రికి ముందే సచివాలయం సిబ్బంది వీళ్ళిద్దర్నీ అడిగి ఊరివారీ జాబితా రాసుకుంటే చాలు. దీనికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు.

మనలో చాలామందికి ఊళ్ళో చేలున్నాయి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ధర ఎంత పలికిందని ఎలాగూ అడుగుతాం. కోతకొచ్చినవాళ్ళు ఎంతమంది, రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటున్నారు అని కూడా అడగండి.