వెళ్లిపోయారా, పంపేశారా?

ముందే ఒప్పేసుకుంటా. ఎల్కేజీ నుంచి నాది ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఒక పేరా రాయాలంటే ఇప్పటికీ ణ దగ్గర, ళ దగ్గర ఆగి ఆలోచిస్తాను. అలాంటివాణ్ని ఈ సెమిస్టర్‌లో నెల రోజులు ఒక తెలుగు వికీ వ్యాసం మీద కూర్చున్నాను. అది మన కాలేజీ గురించి కాదు, మా ఊరి గురించీ కాదు. జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయం గురించి.

"నీకెందుకురా ఈ పని, డబ్బులేమైనా ఇస్తారా?" అన్నాడు రూమ్మేట్. న్యాయమైన ప్రశ్నే.

నాకు ఆ ఊరి పేరు తగిలింది హాల్టింగ్ ప్రాబ్లమ్ చదువుతున్నప్పుడు. 1936లో ట్యూరింగ్ రాసిన పేపర్ 1928లో హిల్బర్ట్ వేసిన ఒక ప్రశ్నకి జవాబు. హిల్బర్ట్ 1895 నుంచి గోటింగెన్‌లో ప్రొఫెసర్. మనం కంప్యూటర్ ఆర్గనైజేషన్ పరీక్షలో బొమ్మ గీసొచ్చే ఫాన్ నాయ్‌మన్ 1926లో అక్కడికే వెళ్లి హిల్బర్ట్ దగ్గర పనిచేశాడు. గాస్, రీమాన్ అక్కడివాళ్లే. హైజెన్‌బర్గ్ 1925లో క్వాంటమ్ మెకానిక్స్ మొదలుపెట్టింది అక్కడే. సరే, దీని గురించి తెలుగులో సరిగ్గా ఒక వ్యాసం ఉండాలి కదా అనిపించింది.

మొదటి ప్రయత్నం సిగ్గుచేటు. ఇంగ్లిష్ పేజీని అనువాద యంత్రంలో పడేసి, వచ్చింది వచ్చినట్టు అతికించాను. ఒక ప్రొఫెసర్ గారు "గణితశాస్త్ర కుర్చీని పట్టుకున్నాడు" అని వచ్చింది. గంట తిరక్కుండానే ఒక సీనియర్ వాడుకరి మర్యాదగా దాన్ని వెనక్కి తిప్పేశారు. తిప్పేయాల్సిందే. పేరు దగ్గర ఇంకో గొడవ. జర్మన్‌లో ఆ మొదటి అచ్చు మన నోట్లో లేదు. గ్యోటింగెన్ అనాలా, గోటింగెన్ అనాలా? చివరికి రెండోది శీర్షికగా పెట్టి, మొదటిదాన్ని దారిమార్పు చేశాను.

రెండో ప్రయత్నంలో వాక్యాలు నావే. 1737లో ప్రారంభం, స్థాపకుడు రెండో జార్జ్ (ఇంగ్లండ్ రాజూ ఆయనే, హానోవర్ పాలకుడూ ఆయనే), 1833లో గాస్, వెబర్ కలిసి ఊళ్లో వేసిన టెలిగ్రాఫ్ తీగ, పీహెచ్‌డీ వచ్చినవాళ్లు బాతులమ్మాయి విగ్రహం ఎక్కి ముద్దు పెట్టే ఆచారం. ఆ తర్వాత నోబెల్ గ్రహీతల జాబితా. గర్వంగా తాతయ్యకి వాట్సాప్‌లో పంపాను. తాతయ్య రిటైరైన లెక్కల మాస్టారు, తెలుగు మీడియంలోనే జీవితమంతా పాఠం చెప్పారు.

ఫోన్ వచ్చింది. మొదటి ఫిర్యాదు: "గాస్ అంతటివాణ్ని పట్టుకుని 'కనిపెట్టాడు' ఏంట్రా, 'కనిపెట్టారు' అనలేవూ?" వికీలో అందరికీ ఏకవచనమే నియమం తాతయ్యా అని చెప్తే ఒప్పుకోలేదు, ఊరుకున్నారు. రెండోది మాత్రం నన్ను పట్టుకుంది. "ఇది రిజల్ట్స్ వచ్చిన మర్నాడు కోచింగ్ సెంటర్ వాళ్లు వేసే ప్రకటనలా ఉందిరా. ఫోటోలొక్కటే తక్కువ. సరేగానీ, 1933 తర్వాత గొప్పోళ్ల పేర్లు ఠక్కున ఆగిపోయాయేం? అందరూ ఒకే ఏడాది రిటైరైపోయారా?"

నా వ్యాసంలో ఆ ఏడాది గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. "1933లో పలువురు ఆచార్యులు విశ్వవిద్యాలయాన్ని వదిలి వెళ్లారు."

వ్యాకరణం సరిగ్గానే ఉంది. తప్పంతా క్రియలో ఉంది.

అసలు జరిగింది ఇది. 1933 ఏప్రిల్ 7న నాజీ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. పేరుకి అది ప్రభుత్వ ఉద్యోగ వ్యవస్థ పునరుద్ధరణ చట్టం. పని మాత్రం యూదుల్నీ, ప్రభుత్వానికి నచ్చనివాళ్లనీ ఉద్యోగాల్లోంచి తీసెయ్యడం. ఆ నెలాఖరుకి మాక్స్ బోర్న్, రిచర్డ్ కూరంట్, ఎమ్మీ నోతర్‌లని పాఠాలు చెప్పకుండా ఆపేశారు. కాగితం మీద దాని పేరు "సెలవు". తెలుగులో సెలవు అంటే మనకి పండగ గుర్తొస్తుంది, అందుకే ఆ మాటని అలాగే దింపడానికి చెయ్యి రాలేదు.

నోతర్ కథ ఇంకా ముందు మొదలవుతుంది. 1915లో హిల్బర్ట్, క్లైన్ ఆమెని గోటింగెన్‌కి పిలిచారు. ఆడవాళ్లకి పాఠం చెప్పే అర్హత ఇవ్వకూడదని తోటి ఆచార్యులు అడ్డం తిరిగారు. 1919 దాకా ఆమె పాఠాలు హిల్బర్ట్ పేరు మీద నడిచాయి. జీతం లేదు. భౌతికశాస్త్రంలో ఇప్పటికీ వాడే ఆమె సిద్ధాంతం 1918లో, అంటే ఆ అర్హత రాకముందే, అచ్చయింది. ఇంత చేసి సంపాదించుకున్న చోటు నుంచి 1933లో తీసేస్తే, కొన్నాళ్లు ఇంట్లోనే కుర్రాళ్లకి పాఠం చెప్పి, అమెరికా వెళ్లి, 1935లో చనిపోయింది. దీన్ని "వదిలి వెళ్లింది" అని రాసింది నేను.

జేమ్స్ ఫ్రాంక్ విషయం వేరు. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడినందుకు ఆయనకి ఆ చట్టం నుంచి మినహాయింపు ఉంది. అయినా నిరసనగా రాజీనామా చేశాడు. ఆయన్ని సమర్థించాల్సిన సహోద్యోగుల్లో నలభై మందికి పైగా ఆ రాజీనామానే తప్పుపడుతూ ప్రకటన మీద సంతకాలు పెట్టారు. అంటే ఫ్రాంక్ నిజంగానే వదిలి వెళ్లాడు, నోతర్‌ని పంపేశారు. నా వాక్యం ఇద్దర్నీ ఒకే బస్సెక్కించేసింది.

అన్నిటికంటే కష్టమైన పేరా విద్యార్థులది. 1933 నవంబర్ 2న ఎడ్మండ్ లాండావు అనే గణితాచార్యుడు కాల్క్యులస్ క్లాసుకి వచ్చాడు. బయట విద్యార్థులు గుంపుగా నిలబడి ఉన్నారు, లోపల ఒక్కడే కూర్చున్నాడు. యూదు దగ్గర పాఠం వినం అని బహిష్కరణ. వాళ్లని నడిపించింది ఆస్వాల్డ్ టైక్‌ముల్లర్, వయసు ఇరవై. మొద్దబ్బాయి కాదు, ఇప్పటికీ ఆయన పేరుతో గణితంలో ఒక శాఖ ఉంది. ప్రభుత్వం, చట్టం, మంత్రి అని రాసుకుంటూ పోతే తప్పు ఎక్కడో పైన జరిగినట్టు ఉంటుంది. క్లాసు తలుపు దగ్గర నిలబడింది మాత్రం నాకంటే ఒక్క ఏడాది పెద్దవాడు. ఆ పేరా రాసిన రోజు రాత్రి హాస్టల్ మెస్‌కి వెళ్లబుద్ధి కాలేదు.

ఇక వాదన సంగతి. క్లబ్‌లో చూపిస్తే ఇద్దరు ముగ్గురు అన్నారు: విజ్ఞాన సర్వస్వం తటస్థంగా ఉండాలి, యూనివర్సిటీ వ్యాసంలో రాజకీయాలెందుకు అని. నేను ఒప్పుకోను. అదే వ్యాసంలో 1837 గురించి ఉంది. కొత్త రాజు ఎర్నెస్ట్ ఆగస్ట్ రాజ్యాంగాన్ని రద్దు చేస్తే ఏడుగురు ఆచార్యులు కుదరదన్నారు. వాళ్లలో ఇద్దరు మనం చిన్నప్పుడు చదివిన స్నోవైట్ కథ సేకరించిన గ్రిమ్ సోదరులు. "రాజు వాళ్లని ఉద్యోగాల నుంచి తొలగించాడు, ముగ్గుర్ని రాజ్యం నుంచే వెళ్లగొట్టాడు" అని నేను తడుముకోకుండా రాశాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. 1837కి కర్త ఉన్నప్పుడు 1933కి ఎందుకు ఉండకూడదు? ఎవరు, ఎవర్ని, ఏం చేశారో చెప్పడం పక్షపాతం కాదు. కర్తని మాయం చెయ్యడమే ఒక పక్షం తీసుకోవడం.

ఇంకో మాట కూడా అన్నారు, కావాలంటే ఇంగ్లిష్‌లో చదువుకుంటారులే అని. తాతయ్య చదువుకోరు. ఆయన అడగకపోతే నా వాక్యం అలాగే ఉండిపోయేది. పైగా ఇంగ్లిష్‌లో చదివినప్పుడు నా కళ్లు ఆ భాగం మీద జారిపోయాయి. తెలుగులో ఒక్కో క్రియ వెతుక్కోవాల్సి వచ్చింది కాబట్టే ఆగాను. (నా తెలుగు బలహీనంగా ఉండటం పనికొచ్చిన మొదటి సందర్భం ఇదేనేమో.)

ఇప్పుడు ఆ ఒక్క వాక్యం స్థానంలో నాలుగు పేరాలున్నాయి. నోబెల్ జాబితాని కిందికి తోసేశాను. చర్చ పేజీలో ఒకాయన "తొలగించబడ్డారు" అని మార్చమన్నారు, నేను "ప్రభుత్వం తొలగించింది" దగ్గరే ఉన్నాను. బోర్న్ ఆ తర్వాత కొన్ని నెలలు బెంగళూరులో గడిపాడు, విశాఖలో చిన్నప్పుడు చదువుకున్న సి.వి. రామన్ పిలిస్తే. అది ఇంకా రాయాలి. లాండావు పేరు ఇంకా ఎర్ర లింకే. జర్మన్ క్లాసులకి వెళ్తున్నవాళ్లు మన క్యాంపస్‌లో చాలామందే ఉన్నారు కదా, ఎవరైనా ఒకరు మూలాలు చదివిపెడితే ఇంటర్నల్స్ అయిపోగానే మొదలుపెడతా. తాతయ్య మాత్రం ఆ క్లాసులో లోపల కూర్చున్న ఒక్క విద్యార్థి ఎవరో కనుక్కోమంటున్నారు.