జడ అల్లిక పిల్లల ఇష్టానికి వదిలేద్దాం

తెలుగునాట బడికెళ్ళే ఆడపిల్ల తల చూస్తే ఊరేదో తెలియకపోవచ్చు గాని, బడి నియమం ఏమిటో తెలిసిపోతుంది. నడి పాపిడి, రెండు జడలు, వాటిని చెవుల దాకా పైకి మడిచి రిబ్బన్‌తో వేసిన ముడి. సర్కారు బడి, గురుకులం, కార్పొరేట్ స్కూలు అన్న తేడా పెద్దగా లేదు. రిబ్బను రంగు మారుతుంది, అంతే. చాలాచోట్ల ఒంటిజడతో వచ్చిన అమ్మాయిని ప్రేయర్ దగ్గరే పక్కన నిలబెడతారు, మడత విప్పుకుంటే డైరీలో రాసి పంపుతారు. నాలుగు పాయల జడ, చెంప దగ్గర సన్నగా మొదలై తలను చుట్టివచ్చే జడ, నెత్తిమీద నుంచే జుట్టు కలుపుకుంటూ పోయే బిగువైన అల్లిక, ఇవన్నీ పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ సెల్‌ఫోన్ వీడియోలకూ మిగిలిపోయాయి. ఈ పద్ధతి మారాలి. జుట్టు శుభ్రంగా ఉండాలి, విరబోసుకోకుండా కట్టి ఉండాలి, ఆ కట్టడం వల్ల పిల్లకు నొప్పి పుట్టకూడదు. బడి ఈ మూడూ అడగవచ్చు, అడగాలి కూడా. ఆపైన ఎన్ని పాయలు, ఎటు వైపు, ఏ అల్లిక అన్నది పిల్లకూ ఆమె తల దువ్వే చేతులకూ వదిలేయాలి.

దీన్ని చిన్న విషయమని కొట్టిపారేసేవాళ్ళు జడ వెనక ఎంత పనితనం ఉందో ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. వేసవి వస్తే చిన్నపిల్లలకు మొగ్గల జడ వేయడం నిన్నమొన్నటి దాకా మన ఇళ్ళలో పండుగంత పని. మల్లెమొగ్గలు విచ్చుకోకముందే తెచ్చి, ఒకే సైజువి ఏరి, సూదీ దారంతో జడ పొడవునా వరసలుగా కుట్టేవారు. మధ్యలో కనకాంబరాలో మరువమో చేర్చి రంగు తెచ్చేవారు. పొట్టి జుట్టయితే సవరం చేర్చి పొడవు పెంచేవారు. ఆపైన రాగిడి, నాగరం, చేమంతి బిళ్ళ, చివర కుప్పెలు. అంతా అయ్యాక పిల్లను ఫోటో స్టూడియోకు తీసుకెళ్ళి, ముఖమూ వెనక జడా రెండూ పడేలా అద్దం పెట్టి ఫోటో తీయించేవారు. అలాంటి ఫోటో ఒక్కటైనా లేని పాత ఆల్బమ్ తెలుగు ఇళ్ళలో అరుదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ముందుగా తన జడను తెర మీదుగా వేసి మరీ రంగం మీదికొస్తుంది. తనను విద్యలో ఓడించగలిగిన వాళ్ళుంటే ఆ జడ కోయవచ్చన్నది అందులోని సవాలు. ఆడవేషంతో ఆ పాత్రకు ప్రాణం పోసిన వేదాంతం సత్యనారాయణ శర్మ పేరు చెబితే ఆ వాలుజడ కూడా గుర్తుకొస్తుంది. జడను ఇంతగా కళలోకి తెచ్చుకున్న జాతి, తన పిల్లల తలల మీద మాత్రం ఒకే ఒక్క నమూనాను ముద్ర కొట్టినట్టు దింపుతోంది.

అందం సంగతి అలా ఉంచి, చదువు లెక్కలోనే చూద్దాం. మామూలు మూడు పాయల జడలో ఎడమ పాయ నడిమి దాని మీదుగా దాటుతుంది, తర్వాత కుడి పాయ నడిమి దాని మీదుగా దాటుతుంది. ఇలా ఆరుసార్లు దాటాక మూడు పాయలూ సరిగ్గా మొదలుపెట్టిన చోటికే వస్తాయి. నాలుగు పాయలు తీసుకుని, ముందు అంచుల్లోని రెండు జతలనూ, ఆపై నడిమి రెండింటినీ మారుస్తూ పోతే, అలా మొదటికి రావడానికి పన్నెండు దాట్లు పడతాయి. ఎందుకు ఆరు, ఎందుకు పన్నెండు అని అడిగిన పిల్ల గణితంలోకి అడుగుపెట్టినట్టే. 1925లో ఎమిల్ ఆర్టిన్ అనే గణితవేత్త పాయల దాట్లనే తీసుకుని ఒక సిద్ధాంతం కట్టాడు. ఇవాళ క్వాంటం కంప్యూటర్ల మీద జరుగుతున్న పరిశోధనలోనూ అది పనికొస్తోంది. అమెరికాలో గ్లోరియా గిల్మర్ అనే ఆఫ్రికన్ అమెరికన్ గణితవేత్త, నల్లజాతి స్త్రీల జడల్లో తలమీద పాపిళ్ళు గీసే గడుల లెక్కను అధ్యయనం చేశారు. రాన్ ఎగ్లాష్ అనే ఆచార్యుడు ఆ జడల ఆధారంగానే తిప్పడం, జరపడం, చిన్నది చేయడం వంటి రేఖాగణిత పాఠాలు నేర్పే సాఫ్ట్‌వేర్ తయారు చేయించారు. మనకు అంత దూరం పోనక్కర్లేదు. జడకోలాటంలో పైనుంచి వేలాడే తాళ్ళను పట్టుకుని పిల్లలు అడుగులు వేస్తూ ఆ తాళ్ళనే జడగా అల్లుతారు. తర్వాత అవే అడుగులు చివరి నుంచి మొదటికి వెనక్కి వేసి చిక్కు పడకుండా విప్పుతారు. వరస ఒక్కటి తప్పినా తాళ్ళు ముడిపడతాయి. ఆర్టిన్ కాగితం మీద రాసిన విలోమ క్రియను మన ఊళ్ళ ఆడపిల్లలు కాళ్ళతో చేసి చూపిస్తున్నారు. ఈ సంగతి తెలిసిన లెక్కల టీచరుకు జడ ఒక బోధనోపకరణం. మడత జడల నియమం దాన్ని ఆమె చేతికి అందనివ్వడం లేదు.

ఇక అభ్యంతరాలు. అందులో బరువున్నది సమానత్వం. యూనిఫాం ఎందుకు పెట్టారు, కలిగినింటి పిల్లకూ లేనింటి పిల్లకూ తేడా కనబడకుండా ఉండాలనే కదా, జడలు వదిలేస్తే ఆ తేడా తలమీదికెక్కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే డబ్బు కనబడేది క్లిప్పుల్లో, పూసల్లో, హెయిర్‌బ్యాండ్లలో. అల్లికలో కాదు. ఐదు పాయల జడకు మూడు పాయల జడ కంటే పైసా ఎక్కువ కాదు. కావలసింది దువ్వెన, కాస్త కొబ్బరినూనె, రెండు రబ్బరు బ్యాండ్లు, నేర్పున్న చేతులు. కూలికెళ్ళే తల్లి వేళ్ళలో ఆ నేర్పు ఇంజనీరు భార్య వేళ్ళకంటే ఎక్కువే ఉండవచ్చు. అందుకని అలంకరణ వస్తువుల మీద కచ్చితమైన హద్దు పెట్టండి, రిబ్బను బడే ఇవ్వమనండి. జుట్టు అల్లికను మాత్రం వదిలేయండి. నిజానికి ఒకే నమూనా పెట్టడం వల్ల నలిగేది జుట్టు తీరు వేరైన పిల్లలే. ఉంగరాల జుట్టు ఉన్న పిల్లకు నడి పాపిడి నిలవదు. పలచని జుట్టు పిల్లకు రెండు జడలు ఎలుకతోకల్లా మిగిలి తోటివాళ్ళు ఏడిపిస్తారు. తిరుమలలో తలనీలాలిచ్చి వచ్చిన పిల్లను బడి ఏ ప్రశ్నా లేకుండా లోపలికి రానిస్తుంది, జుట్టు పెరిగేదాకా పిలకలతో సర్దుకోనిస్తుంది. మొక్కు దగ్గర సాధ్యమైన సర్దుబాటు మిగతావాళ్ళకూ సాధ్యమే.

పేలు పడతాయన్నది రెండో అభ్యంతరం. పేలు ఎగరవు, దూకవు. ఒక తల ఇంకో తలకు తగిలినప్పుడు పాకుతూ వెళతాయి. కాబట్టి జుట్టు కట్టి ఉంచడం మంచిదన్న మాట నిజం. అది రెండు జడలకు ఎంత వర్తిస్తుందో నెత్తినుంచి బిగించి అల్లిన జడకూ అంతే వర్తిస్తుంది. మడత పెట్టడం వల్ల అదనంగా ఒరిగేది ఏమీ లేదు. పైగా తెల్లవారుజామున తలస్నానం చేయించి, తడి ఆరకముందే మడిచి కట్టే జడలు సాయంత్రం దాకా చెమ్మగానే ఉండి వాసన కొడతాయి. వందల మంది ఉన్న హాస్టళ్ళలో ఎవరి తల ఎవరు చూడాలి, పొద్దున్నే అంత తీరిక ఎక్కడిది అన్న ప్రశ్నను మాత్రం తేలిగ్గా తీసుకోలేం. వార్డెన్ల కష్టం నిజమైనదే. కానీ జుట్టును కేవలం నిర్వహణ సమస్యగా చూడటం మొదలుపెడితే అది ఎక్కడ ఆగుతుందో మనకు తెలుసు. 2019లో మెదక్‌లోని ఒక గిరిజన గురుకులంలో నీళ్ళు చాలడం లేదని వందమందికి పైగా ఆడపిల్లల జుట్టు కత్తిరించేశారని వార్తలొచ్చాయి. తల్లిదండ్రులు వచ్చి ఏడ్చారు, గొడవపడ్డారు. నీళ్ళు తెప్పించాల్సిన చోట కత్తెర తెప్పించారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలకు శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. జడ తప్పుగా వేసుకుందని ఒక పిల్లను బడి అంతటి ముందు నిలబెట్టడం ఆ సెక్షన్ స్ఫూర్తికి పూర్తిగా విరుద్ధం. వరండాలో ఒకరి వెనక ఒకరు కూర్చుని పెద్దపిల్లలు చిన్నపిల్లలకు జడలు వేసే అలవాటు హాస్టళ్ళలో ఎప్పటినుంచో ఉంది. దానికి ఇంకో పావుగంట ఇస్తే చాలు, వార్డెన్ పని తగ్గుతుంది. ఇంటికి దూరంగా ఉన్న ఎనిమిదేళ్ళ పిల్లకు రోజులో ఒక్కసారైనా ప్రేమగా తలమీద చెయ్యి పడుతుంది.

మూడో అభ్యంతరం స్త్రీవాదుల వైపు నుంచి వస్తుంది. నాకు అన్నిటికంటే గౌరవం దానిమీదే. ఆడపిల్లను పుట్టినప్పటి నుంచీ అలంకరణ బొమ్మగా చూసే సమాజంలో ఆ కాస్త బడిసమయమైనా ఆమెను అందం గోల నుంచి తప్పించాలి కదా అంటారు. ఈ భయానికి కారణాలున్నాయి. నాలుగేళ్ళ పిల్లను కెమెరా ముందు గంటల తరబడి కూర్చోబెట్టి రకరకాల జడలు వేసి, ఆ వీడియోలకు లైకులు లెక్కపెట్టుకునే తల్లిదండ్రులు ఉన్నారు. అక్కడ పిల్ల తల సరుకైపోయింది, దాన్ని సమర్థించే ప్రసక్తే లేదు. కానీ ఒకే జడ అన్న నియమం ఆడపిల్లను అద్దం నుంచి విడిపించడం లేదు. పాపిడి వంకర పోయిందేమో, మడత జారిందేమో, రిబ్బను ఊడిందేమో అని రోజంతా తల తడుముకునేలా చేస్తోంది. తన జడ తానే అల్లుకోవడం, స్నేహితురాలికి అల్లడం, కొత్త అల్లిక కనిపెట్టి నలుగురికీ నేర్పడం వేరే సంగతి. అక్కడ పిల్ల చూడబడే వస్తువు కాదు, పని తెలిసిన మనిషి. ఈ పని మగపిల్లలకూ నేర్పాలి. భార్య ఊళ్ళో లేని రోజు కూతురి జుట్టుకు రబ్బరు బ్యాండు కూడా వేయలేక చేతులెత్తేసే తండ్రులు ఇంకా ఉండటం మన పెంపకంలోని లోటు.

సృజన పేరుతో పిల్లల తలలను హింసపెట్టడాన్ని కూడా ఒప్పుకోకూడదు. నెత్తినుంచే బిగించి అల్లే జడలు, రోజూ ఒకే చోట రబ్బరు బ్యాండుతో లాగి కట్టే పిలకలు, బరువైన సవరాలు జుట్టు కుదుళ్ళను గుంజుతాయి. అలా ఏళ్ళ తరబడి లాగితే నుదుటి అంచునా కణతల దగ్గరా జుట్టు రాలిపోతుంది. చర్మవైద్యులకు ఇది బాగా తెలిసిన జబ్బు. తొలిదశలో లాగడం మానేస్తే జుట్టు మళ్ళీ వస్తుంది, ఆలస్యమైతే కుదుళ్ళు శాశ్వతంగా చచ్చిపోతాయి. జడ వేస్తుంటే పిల్ల ఏడిస్తే, కనుబొమలు పైకి లాగినట్టు కనబడితే, కుదుళ్ళ దగ్గర చిన్న పొక్కులు లేస్తే వెంటనే వదులు చేయాలి. ఈ మాట బడి కోసం బిగించే రెండు జడలకూ అంతే వర్తిస్తుంది. ‘సాయంత్రం దాకా చెదరకూడదు’ అని తల్లులు చాలామంది వాటిని బిర్రుగా లాగేది బడికి భయపడే.

మిగతా ప్రపంచం ఈ సమస్యను ఎలా ఎదుర్కొందో చూడటం మంచిది. వాళ్ళ చరిత్ర వేరు, మనది వేరు అన్న ఎరుకతోనే చూడాలి. దక్షిణాఫ్రికాలో 2016లో ప్రిటోరియాలోని ఒక ప్రసిద్ధ బాలికల పాఠశాలలో నల్లజాతి పిల్లలు తమ సహజమైన జుట్టును అణచివేసే నియమాల మీద తిరగబడ్డారు. ప్రభుత్వం కల్పించుకుని ఆ నియమాలను నిలిపివేయించింది. అమెరికాలో కాలిఫోర్నియా 2019లో జుట్టు తీరును బట్టి, జడల పద్ధతిని బట్టి బడుల్లోనూ ఉద్యోగాల్లోనూ వివక్ష చూపకూడదని చట్టం చేసింది. తర్వాత ఇరవైకి పైగా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఆ పోరాటాలు జాతి వివక్ష మీద. మన మడత జడల్ని వాటితో సమానం చేయడం ఆ పిల్లలకు అన్యాయం. మనకు దగ్గరగా కనబడేది జపాన్. ఒసాకాలో పుట్టుకతోనే గోధుమరంగు జుట్టున్న విద్యార్థినిని నల్లరంగు వేసుకోమని బడి పదేపదే ఒత్తిడి చేసింది. 2021లో కోర్టు ఆమెకు కొంత పరిహారం ఇప్పించింది గాని, నియమం చట్టవిరుద్ధమని మాత్రం అనలేదు. మరుసటి ఏడాది టోక్యో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు మాత్రం అలాంటి నియమాలను తమంతట తామే వదులుకున్నాయి. క్రమశిక్షణకు పేరుపడ్డ దేశమే ఆ పని చేసింది. ఇలాంటివాటికి కోర్టు మెట్లు ఎక్కాల్సిన పనిలేదని, టీచర్లూ పిల్లలూ తల్లిదండ్రులూ కూర్చుని మాట్లాడుకుంటే సరిపోతుందని ఆ అనుభవం చెబుతోంది.

జూన్‌లో బడులు తెరిచేముందు ప్రతి ప్రధానోపాధ్యాయుడూ తల్లిదండ్రులకు ఒక కాగితం పంపుతారు. ఫీజులు, పుస్తకాలు, బూట్ల రంగు అందులో ఉంటాయి. ఈసారి జుట్టు గురించిన పేరాలో ‘రెండు జడలు, మడిచి’ అన్న మాటలు కొట్టేసి, ‘శుభ్రంగా, కట్టి, నొప్పి లేకుండా, అల్లిక మీ ఇష్టం’ అని రాయండి. సంక్షేమ గురుకులాల అధికారులు అదే మాటను ఒక ఉత్తర్వుగా ఇవ్వాలి. తల్లిదండ్రుల సమావేశాలకు వెళ్ళేవారు ఈ ప్రశ్నను ఒక్కసారి లేచి అడగండి.