పేరు వ్రాయని ఛాయాచిత్రము

నిరుడు మత్తూరులో బంధువుల ఇంట శుభకార్యమునకు పోయినప్పుడు గోడమీద ఒక పెద్ద ఛాయాచిత్రమును చూచితిని. మంచు కమ్మిన చిత్తడినేల. మడచెట్ల నడుమ నల్లని నీరు. ఆ నీటిలో వరుసగా నిలిచిన పుచ్చిన కొయ్యలు. ఇది ఎచ్చటిదని అడిగితిని. కాకినాడ దగ్గరి కోరంగి, పాత ఓడరేవు అనిరి. పటము తీసిన యువకుడు దానికి 'నిశ్శబ్దము' అని నామకరణము చేసినాడు. ఊరి పేరు లేదు, తేది లేదు. వ్రాయరాదా యన్నచో, "బొమ్మే మాట్లాడాల మామా, కింద రాతలు రాస్తే అందం పోతుంది" అనెను.

ఈ వాదమును నేను అంగీకరింపను.

అతని పనితనమును తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. తెల్లవారకమునుపే బురదలో కెమెరా నిలుపుకొని కాచుకొనుట సులభము కాదు. మంచు తెల్లదనమును యంత్రము బూడిదరంగుగా చూపును గనుక వెలుతురు ఒకింత హెచ్చుగా ఇయ్యవలెనని తెలిసినవాడే అట్టి పటము తీయగలడు. అంత తెలిసినవాడు రెండు పంక్తులు వ్రాయుటకేల వెనుదీసెను?

కోరంగి నిశ్శబ్దపు చోటు కాదు. గోదావరి పాయ కడలి చేరు తావున ఒకనాడు ఓడలు కట్టిరి, బాగుచేసిరి. 1802లో ఎబెనెజర్ రోబక్ అను ఆంగ్లేయుడు అక్కడ ఓడల మరమ్మతునకు డాక్ కట్టించెను. అంతకు ముందే, 1789 డిసెంబరులో, ఉప్పెన కెరటములు ఆ ఊరిని ముంచినవి, వేలమంది మరణించిరి. 1839 నవంబరులో మరల తుపాను వచ్చినది. నది మేటవేయగా వర్తకము కాకినాడకు తరలినది. ఊరి పేరు మాత్రము కడలి దాటినది. బర్మాలో తెలుగు కూలీని 'కోరంగీ' అనిరి. మారిషస్సులోను తెలుగువారికి ఆ పేరే వచ్చినది. 1930 మే నెలలో రంగూను రేవున పనిచేయు కోరంగీలపై జరిగిన దౌర్జన్యములో అనేకులు హతులైరి. 1942లో జపాను సేనలు రాగా వేలకొలది జనము అడవులబడి నడచి వచ్చిరి. ఇంత ఘోష విన్న రేవునకు 'నిశ్శబ్దము' అని పేరు!

మరియొక మాట. పటములోని కొయ్యలు నిజముగా పాత రేవువేనా? లేక మొన్న ఒక జాలరి పడవ కట్టుటకు పాతినవా? మంచులో రెండును ఒక్కటే. వ్రాత లేని పటము ఈ ప్రశ్నకు ఎన్నడును బదులు చెప్పదు, అడగనీయదు కూడ. చూచువాడు నిట్టూర్చి సాగిపోవును. అందము కన్నులు తెరువవలెను గాని, జోకొట్టరాదు. కావున మంచుపటము తీయువాడు మంచు విడిన పిమ్మట మరియొక పటమును తీయవలెను. జాలరిని పిలిచి అడుగవలెను. తాను నిలిచిన చోటు, దిక్కు, తేది వ్రాయవలెను. 1978 నుండి అది అభయారణ్యము. మడ అడవి తన దారిని పెరుగుచున్నది. పాత గురుతులు నానాటికి మాయమగునవే. రేపటివారికి మిగులునది నేటి వ్రాతయే.

కోరంగితో మనకేమి పని యని కొందరు అందురు. మనవారు ఆ రేవున ఓడ ఎక్కినవారు కారు, నిజమే. మనము కదలనే లేదు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు సరిహద్దు గీత మనకు ఆవల పడినది. వారు ఊరు విడిచి పేరు మోసిరి. మనము ఊరు విడువక పేరు విడుచుచున్నాము. మన ఇండ్లలోని పెట్టెలు తెరచి చూడుడు. తాతముత్తాతల పెండ్లిపటములు, దక్షిణపినాకిని ఒడ్డున తీసిన పటములు, బారూరు చెరువు తూముకడ నిలిచిన పెద్దల పటములు ఉండును. వెనుక త్రిప్పినచో తెల్లకాగితము! ఇందు ఎవరెవరని చెప్పగల అవ్వ పోయిన మరునాడు అవి కోరంగి కొయ్యలే.

తమిళనాట 2006 చట్టము తమిళమును బడులలో తప్పనిసరి చేసెను. తమిళము మనము బ్రదుకు నేల భాష, నేర్వవలసినదే. తెలుగు బడులకొరకు అడుగవలసినది అడుగుదము. కాని పటము వెనుక నాలుగు తెలుగక్షరములు వ్రాయుటను ఏ చట్టము అడ్డగించినది? అది మన సోమరితనము. దానికి మంచు అడ్డుపెట్టుకొనరాదు.

ఆ యువకునకు నేను చెప్పినదొక్కటే: నీ చిత్రము గోడమీదనే యుండనిమ్ము. దానిక్రింద 'కోరంగి' యని వ్రాయుము. అందమేమియు తరుగదు.