ఇథనాల్ భారం బండివాడి మీదేనా?

ఇప్పుడు బంకులో పోయించుకునే ప్రతి 5 లీటర్ల పెట్రోలులో దాదాపు లీటరు ఇథనాలే. 2014లో ఈ వాటా నూటికి రెండు పాళ్లు కూడా లేదు. 2030కి చేరాలనుకున్న 20 శాతం లక్ష్యాన్ని కేంద్రం 2025లోనే అందుకుంది. ముడిచమురులో 85 శాతానికి పైగా బయటినుంచి తెచ్చుకునే దేశానికి ఇది చిన్న విషయం కాదు. చెరకు, మొక్కజొన్న రైతులకు కొత్త గిరాకీ కూడా వచ్చింది.

లాభాన్ని చాటినంత గట్టిగా భారం సంగతి మాత్రం చెప్పడం లేదు.

లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికి మూడింట రెండు వంతులే. పైగా అది తేమను పీల్చుకుంటుంది. దానికి తగ్గట్టు తయారుకాని పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, గాస్కెట్లు త్వరగా దెబ్బతింటాయి. మైలేజీ పాత కార్లకు 6–7 శాతం, బైకులకు 3–4 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. రోజంతా బైకు మీద తిరిగే డెలివరీ కుర్రాడికి అది నెల తిరిగేసరికి తెలిసొచ్చే ఖర్చు. పాత బండ్ల కోసం 10 శాతం మిశ్రమాన్ని అందుబాటులో ఉంచాలని, పన్ను రాయితీతో వినియోగదారుడి నష్టం పూడ్చాలని కూడా ఆ నివేదిక సూచించింది. ఆ రెండూ జరగలేదు. ఇథనాల్ సేకరణ ధరే లీటరుకు 71 రూపాయలు దాటిందని, ఇక పెట్రోలు ధర ఎలా తగ్గుతుందని కేంద్రం వాదన. అలాంటప్పుడు మైలేజీలో పోయే ఆ నష్టాన్ని విధానం తెచ్చిన ప్రభుత్వమే తన పన్నుల్లోంచి భరించాలి. బంకులో మరో దారి లేని మనిషి మీద వేయడం అన్యాయం.

భారం బండివాడితోనే ఆగదు, ఫ్యాక్టరీ పక్క ఊళ్లదీ అదే గోడు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం రోడ్డెక్కాకే ఇథనాల్ ఫ్యాక్టరీ పనులు ఆగాయి. నీళ్లు, గాలి పాడవుతాయన్నది వాళ్ల భయం. ఆ భయాన్ని వినాల్సింది పునాది తవ్వకముందు.

బియ్యం మాటా తేల్చుకోవాలి. 2024–25 ఇథనాల్ సరఫరా సంవత్సరానికి భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) బియ్యం నిల్వల్లోంచి 52 లక్షల టన్నులు ఇథనాల్‌కు కేటాయించారు. తిండిగింజలు ముట్టుకోని దారీ ఉంది: పానిపట్‌లో వరిగడ్డితో ఇథనాల్ తీసే ఇండియన్ ఆయిల్ ప్లాంటు 2022లోనే ప్రారంభమైంది. గడ్డి సేకరణ కష్టమే, ఖర్చూ ఎక్కువే. అయినా రాయితీలు పోవలసింది తిండిగింజలకు కాదు, ఆ గడ్డికే. ఈలోగా ప్రతి పట్టణంలో కొన్ని బంకుల్లోనైనా పాత బండ్లకు 10 శాతం మిశ్రమం దొరికేలా చూడాలి.