వెల్లుల్లి మాత్రల గురించి జనానికి చెప్పండి

శ్రీ సత్యసాయి జిల్లా వైద్య, ఆరోగ్యశాఖ అధికారి గారికి,

హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో కొలెస్ట్రాల్ ఉందని తెలియగానే వెల్లుల్లి మాత్రలవైపు చూసేవాళ్లున్నారు. సంగటిలోకి నూరే ఊరిబిండిలో తెల్లగడ్డ వేసుకునే మనకు దానిమీద నమ్మకం సహజం. వంటలో దాన్ని ఎవరూ మానక్కర్లేదు. కొలెస్ట్రాల్ తగ్గించడానికి డాక్టరు రాసిన స్టాటిన్ మందు మానేసి ఈ మాత్రలకు మారతారేమోనన్నదే నా భయం.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 192 మందిని ఆరు నెలలు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి పచ్చి వెల్లుల్లి, కొందరికి రెండు రకాల వెల్లుల్లి మాత్రలు, మిగిలినవారికి మందు లేని మాత్రలు ఇచ్చారు. చెడు కొలెస్ట్రాల్ ఏ గుంపులోనూ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. వేరే అధ్యయనాల్లో కొద్దిపాటి తగ్గుదల కనిపించిన మాట నిజమే, రక్తపోటు కూడా కాస్త దిగింది. రక్తనాళాల్లో పూడిక నెమ్మదించిందన్నవి మాత్రం చిన్న అధ్యయనాలు. ఏదీ స్టాటిన్‌కు సాటిరాదు.

పైగా రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మందులు వాడేవారికి ఈ మాత్రలతో రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. ఆపరేషన్‌కు ముందు, పన్ను పీకించుకునే ముందు డాక్టరుకు చెప్పి తీరాలి.

గుండెజబ్బులు, ధమనులు గట్టిపడే జబ్బు నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. వెల్లుల్లి మాత్రలకు అలాంటి ప్రకటనలిస్తే చర్య తీసుకోండి. మూడు పట్టణాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ విషయాలు తెలుగులో రాసి పెట్టించండి. మగ్గం గుంతలో పొద్దంతా కూర్చునే ధర్మవరం నేతన్నలకు వాళ్ల వీధుల్లోనే కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించండి.

ఇట్లు,
మీ జిల్లా పౌరుడు