భీముడి గొలుసు

మా ఇంట్లో భీముడనే కుక్క ఉన్నాడు. ఉత్త నాటుకుక్క, ఆ పేరు మా అబ్బాయి పెట్టినది. బరువు 20 కిలోలు. ఈపాటివాడికి ఏ గొలుసయితేనేమని, బజారులో తళతళలాడుతున్నదొకటి కొనితెచ్చి జామచెట్టుకు కట్టాను. గొలుసు మెరిస్తే గట్టిదనుకోవడం నా అమాయకత్వం.

ఒకనాడు తెల్లవారుజామున పాలు పోసే కుర్రాడు గేటు తీశాడు. భీముడు ఒక్క ఉరుకు ఉరికాడు. ఠప్పుమని చప్పుడయింది. నేను బయటికి వచ్చేసరికి కుర్రాడు గోడమీద, పాలు నేలమీద, భీముడు నడివీధిలో! ఎదురుగా వస్తున్న లారీ కీచుమని ఆగబట్టి వాడు బతికాడు. వాడికి టీకాలు వేయించే ఉన్నాం, కుర్రాడికి పంటిగాటూ పడలేదు. అయినా పాలిపోయిన ఆ పిల్లవాడి మొహం నాకింకా కళ్ళకు కడుతూనే ఉంది.

"గొలుసు తెగిందా అండీ?" అంది మా ఆవిడ. గొలుసు నిక్షేపంలా ఉంది. దాని కొసనున్న కొక్కెం రెండు ముక్కలయింది. పైన మెరుగుపూత, లోపల బూడిదరంగు పోతలోహం, జింకు! అది ఉక్కులా సాగదు, వంగదు, చెప్పాపెట్టకుండా విరుగుతుంది.

ఆ ముక్కలు తీసుకెళ్ళి మా కాలేజీలో ఫిజిక్సు మాస్టారికి చూపించాను. ఆయన సుద్దముక్క అందుకున్నారు. 20 కిలోల కుక్క సెకనుకు 5 మీటర్ల వేగంతో ఉరికి, గొలుసు బిగిసి 10 సెంటీమీటర్లలో ఆగిపోతే, కొక్కెం మీద ఇంచుమించు 250 కిలోల బరువు వేలాడినంత బలం పడుతుందట. "మీరు కుక్కను తూచారుగాని, దాని ఉరుకును తూచలేదు" అన్నారు.

అప్పటినుంచీ ఇనపసామాన్ల కొట్లో నేను కొంచెం గట్టి బేరగాణ్ణయ్యాను. తీగ వంచి కొసలు ఊరికే కలిపిన లంకెలు లాగితే విచ్చుకుంటాయి. కొసలు వెల్డింగు చేసినవే తీసుకోవాలి. కొక్కెం పోత జింకుది కాక, ఉక్కుదై ఉండాలి. 'ఎంతకు తెగుతుంది' అని కాదు, 'నిత్యం ఎంత బరువు మోయవచ్చు' అని అడగాలి. రెండో అంకె చాలా చిన్నది, మనకు పనికొచ్చేదీ అదే. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో మామూలు ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. జింకుపూత వేసిన ఉక్కు నయం, స్టెయిన్‌లెస్ స్టీలు ఇంకా నయం. అందులోనూ ఉప్పుగాలికి 304 రకంకన్న 316 రకం బాగా ఆగుతుంది.

రెండు కొసలా తిరుగుడు కడియం ఉండాలి. లేకపోతే గొలుసు మెలికపడి కురచయిపోతుంది. కట్టేచోట గట్టి స్ప్రింగు ఒకటి వేస్తే కుదుపు తగ్గుతుంది: ఆగే దూరం మూడు రెట్లయితే దెబ్బ మూడోవంతే.

ఇన్ని విని, చిటికెనవేలు లావు గొలుసు తెచ్చాను. మా ఆవిడ దాన్ని చేతితో ఎత్తి చూసి, "వాణ్ణి కట్టేస్తున్నారా, శిక్ష వేస్తున్నారా?" అంది. చట్టమూ ఆవిడ పక్షమే. జంతుహింస నివారణకై మనదేశంలో 1960లో చేసిన చట్టం, మరీ పొట్టిదో మరీ బరువైనదో అయిన గొలుసుతో జంతువును అదేపనిగా కట్టి ఉంచడం నేరమన్నది. ఎప్పుడూ కట్టే ఉంచే కుక్కను తిప్పకపోవడమూ నేరమే.

మర్నాడే దాన్ని తిరిగి ఇచ్చేసి, సన్నని వెల్డింగు గొలుసు తెచ్చాను. చెట్టయితే చుట్టూ తిరిగి బిగించుకుంటాడని, నేలలో కాంక్రీటు పోసి ఇనపకడియం పాతించాను. దూకి వేలాడే ప్రమాదం లేకుండా గోడకు దూరంగానే పాతించాను. మెడకు వెడల్పాటి పట్టెడ. లాగితే బిగుసుకునేది కాదు. పొద్దునా సాయంత్రమూ వాణ్ణి షికారు తిప్పడం నా వంతు.

ప్రతి ఆదివారం కొక్కెం, లంకెలు అరిగాయేమో చూస్తాను. ఎప్పుడైనా మరిచిపోయినా ఫరవాలేదు. పాలకుర్రాడు గేటవతలే నిలబడి, "గొలుసు చూశారా మాస్టారూ?" అని అడిగి మరీ లోపలికి వస్తాడు.